రాజగోపాల్ గారు పెట్టని సంతకం

అమెరికాలో డాలస్ పక్కనున్న ప్లేనో చుట్టుపక్కల తెలుగువాళ్ల పిల్లలు స్కూల్లో ఏ ఆట ఆడాలన్నా ముందు డాక్టర్ రాజగోపాల్ గారి డైనింగ్ టేబుల్ దగ్గరికి రావలసిందే. స్కూలు వాళ్లు ఒక ఫారం ఇస్తారు. పిల్లవాడి గుండె, ఊపిరితిత్తులు, కీళ్లు బాగున్నాయని ఎవరో ఒక డాక్టరు పరీక్ష చేసి సంతకం పెట్టాలి. అపాయింట్‌మెంట్ తీసుకుని క్లినిక్‌లో గంటసేపు కూర్చునే ఓపిక ఎవరికుంది? ఆగస్టులో ఏదో ఒక శనివారం ఆయనింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకుని, పాట్‌లక్ పెట్టుకునేవారు. వచ్చేవాళ్లకి ఒక చేతిలో పులిహోర ట్రే, ఇంకో చేతిలో ఫారం. ఆయన గారె నములుతూ, పిల్లల మొహమైనా చూడకుండా టకటకా సంతకాలు గిలికి పడేసేవారు. పాతికేళ్లకి పైగా గుండె డాక్టరు కదా, గుండెని చూడకుండానే దాని సంగతి చెప్పగలనని ఆయన నమ్మకం. ఆయన నమ్మకాలన్నీ ఆ రకమే.

రెండు వేల ఒకటో సంవత్సరం ఆగస్టులో అలాగే ఇర్వింగ్ నుంచి దామోదర్, శశికళ తమ కొడుకు మానవ్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. దామోదర్ అక్కడే లాస్ కొలీనాస్‌లో ప్రోగ్రామర్. మానవ్‌కి పదహారేళ్లు. అప్పటికే ఆరడుగుల నాలుగంగుళాలు. షాండ్లియర్ తలకి తగలకుండా పక్కకి జరిగి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

ఆ సమయానికి రాజగోపాల్ గారు తన కొడుకు శ్రీధర్‌కి మెడికల్ స్కూల్‌లో సీటొచ్చిన వైనం రెండోసారి చెబుతున్నారు. మొదటిసారి విన్నవాళ్లే రెండోసారీ వింటున్నారు. గతిలేక. ఇంతలో దామోదర్ పక్కనున్న వాళ్లతో, "వీడి బాస్కెట్‌బాల్ కోచ్ ఏమంటున్నాడో తెలుసా అండీ? ఇలాగే ప్రాక్టీస్ చేస్తే ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్తాడట!" అన్నాడు. అంతే. గదిలో తలలన్నీ అటు తిరిగాయి. శ్రీధర్ సీటు సగంలో ఆగిపోయింది.

రాజగోపాల్ గారికి అంతకంటే పెద్ద అవమానం ఉండదు. గారె పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, "ఏదీ, ఇలా రా అబ్బాయ్" అన్నారు. లోపలికి వెళ్లి స్టెతస్కోప్ తెచ్చారు. ఆ టేబుల్ దగ్గర స్టెతస్కోప్ కనపడటం అదే మొదలు. అందరూ చుట్టూ మూగారు. ఆయనకి కావలసిందీ అదే.

మానవ్ గుండెలో ఒక చిన్న శబ్దం వినపడింది. ఎదిగే పిల్లల్లో చాలామందికి వినపడేదే, చాలామందిలో ఏమీ కానిదే. ఆయనకి ఆ సంగతి తెలియక కాదు. బుద్ధి ఉన్న డాక్టరైతే తల్లిదండ్రుల్ని పక్క గదిలోకి తీసుకెళ్లి, ఎందుకైనా మంచిది, ఒక స్కాన్ చేయించండమ్మా అనేవాడు. ఈయన చెవుల్లోంచి గొట్టాలు నెమ్మదిగా తీసి, గదంతా నిశ్శబ్దమయ్యేదాకా ఆగి, "వీడు ఆడకూడదు" అన్నారు.

"అదేంటి డాక్టర్ గారూ?" అన్నాడు దామోదర్.

"ఆడితే ఏదో ఒక రోజు ఆట మధ్యలో ఉన్నపళంగా కూలిపోతాడు. ఎవరూ ముట్టుకోకుండానే. నేను ఈ ఫారం మీద సంతకం పెట్టను. నా మాట రాసిపెట్టుకోండి."

శశికళ కొడుకుని చేయి పట్టుకుని తన పక్కకి లాక్కుంది. గదిలో అందరూ ఆహా ఏం డాక్టరని ముక్కు మీద వేలేసుకున్నారు. మిగతా ఇరవై ఫారాల మీద ఆయన యథాప్రకారం ఎవరి గుండే వినకుండా సంతకాలు పెట్టారు. శ్రీధర్ సీటు కథ కూడా పూర్తి చేశారు.

దామోదర్ కొడుకుని డాలస్‌లో ఒక కుర్ర డాక్టరుకి చూపించాడు. గుండె గోడ కాస్త మందంగా ఉంది, అది జబ్బో, ఆటవల్ల పెరిగిన కండో తేలాలంటే మూడు నెలలు బంతి ముట్టుకోకూడదు అన్నాడతను. పదహారేళ్ల పిల్లవాడు మూడు నెలలు బంతి ముట్టుకోలేదు. సోఫాలో పడుకుని సీలింగ్ చూస్తూ గడిపాడు. మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తే గోడ మామూలుగా ఉంది. జబ్బు లేదు, హాయిగా ఆడుకోమన్నాడు డాక్టరు, కాకపోతే ఏడాదికోసారి వచ్చి చూపించుకోమన్నాడు.

ఇంకొకరైతే ఆ రిపోర్టు తెచ్చి రాజగోపాల్ గారి మొహాన కొట్టేవారు. దామోదర్ మెత్తటి మనిషి. మిఠాయి పెట్టె పట్టుకుని, భార్యతో కలిసి ఇర్వింగ్ నుంచి ప్లేనోకి డ్రైవ్ చేసుకొచ్చి, "మీ పుణ్యమా అని వాడికి పూర్తిగా టెస్టులయ్యాయి డాక్టర్ గారూ. అంతా నార్మల్" అని కవరు చేతిలో పెట్టాడు.

రాజగోపాల్ గారు కవరు తెరవలేదు. "ఆ డాక్టరు వయసెంత?" అన్నారు.

"ముప్ఫై అయిదు ఉండొచ్చండీ."

"కుర్రకుంక. వాడికేం తెలుసు? పదేళ్లు పోనీ, అప్పుడు చూద్దాం" అని మిఠాయి మాత్రం ఒకటి నోట్లో వేసుకున్నారు.

పోనీలే, మంచిదే అయింది, నేనే పొరపడ్డాను అంటే ఆయన సొమ్మేం పోయేది? నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ ఆయన గొంతు దాటి రాలేదు. ఆ రోజు నుంచీ ఆయన మాట నిజం కావాలంటే ఒకటే దారి మిగిలింది. ఆ దారి ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనే తెలియనట్టు నటిస్తూ పద్నాలుగేళ్లు గడిపేశారు.

మానవ్ ఆడాడు. రెండు వేల మూడులో ఆస్టిన్‌లో జరిగిన స్టేట్ టోర్నమెంట్‌లో ఆఖరి నిమిషంలో మూడు బుట్టలు వేసి స్కూలుని గెలిపించాడు. స్కాలర్‌షిప్ మీద కాలేజీకి వెళ్లాడు. నాలుగేళ్ల తర్వాత పడమటి తీరంలో ఒక ప్రొఫెషనల్ జట్టు అతన్ని తీసుకుంది. తీసుకుని రెండేళ్లు బెంచి మీద కూర్చోబెట్టింది. ఆ రెండేళ్లూ రాజగోపాల్ గారికి నిద్ర బాగా పట్టింది. మూడో ఏడు ఎవరికో మోకాలు విరిగితే మానవ్‌ని దింపారు. మొదటి రోజే ఇరవై ఏడు పాయింట్లు. ఆ తర్వాత అతన్ని మళ్లీ కూర్చోబెట్టే సాహసం ఎవరూ చేయలేదు.

ఇక మనవాళ్ల సంగతి చెప్పాలా? ఎస్.ఏ.టి. స్కోరెంతమ్మా, బంతి కొట్టుకుంటూ తిరిగితే రేపేం తింటాడమ్మా అని శశికళని పొడుచుకు తిన్నవాళ్లంతా ఇప్పుడు ఆవిడకి ఫోన్ చేసి టికెట్లడిగేవారు. మా ప్రణవ్, మీ మానవ్ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నారు అనేవారు. ప్రణవ్ పుట్టింది ఎక్కడో వర్జీనియాలో, షాంటిలీలో. మానవ్‌ని వాడు టీవీలో తప్ప చూడలేదు. ఇర్వింగ్ వెళ్లే హైవే పక్కన మానవ్ బూట్లు తొడుక్కుంటున్న బిల్‌బోర్డ్ ఒకటి వెలిసింది. దాన్ని చూడటం ఇష్టంలేక రాజగోపాల్ గారు ముందు ఎగ్జిట్‌లోనే దిగిపోయి, పది నిమిషాలు చుట్టు తిరిగి వెళ్లేవారు. ట్రాఫిక్ తక్కువ అని భార్య భానుమతికి చెప్పేవారు. ట్రాఫిక్ ఎక్కువ.

రెండు వేల పదకొండులో తెలుగు సంఘం వాళ్లు మానవ్‌కి సన్మానం పెట్టారు. శాలువా కప్పవలసింది మాజీ అధ్యక్షులు రాజగోపాల్ గారు. మానవ్ మైకు తీసుకుని, తన వచ్చీరాని తెలుగులో, "ఈ అంకుల్ నా హార్ట్ ఫస్ట్ చెక్ చేశారు. అందుకే ఎవ్రీ ఇయర్ నేను టెస్ట్ చేయిస్తాను. థాంక్యూ అంకుల్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ పిల్లవాడికి అది చేతకాదు. వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆయన ఒక చేయి తల మీద పెట్టి, రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకున్నారు. ఎంత ఆప్యాయతో అని జనం చప్పట్లు కొట్టారు. ఆయన నాడి చూస్తున్నారు. నాడి గడియారంలా కొట్టుకుంటోంది. ఆ పూట ఆయన భోజనం సరిగ్గా చేయలేదు.

టీవీలో మానవ్ ఆడిన ఆట ఒక్కటి కూడా ఆయన వదల్లేదు. రిటైరయ్యాక అదే పనిగా పెట్టుకున్నారు. ఎన్ని పాయింట్లు వేశాడన్నది ఆయనకి పట్టదు. పరుగెత్తి పరుగెత్తి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగాడా, రొప్పుతున్నాడా, ఛాతీ మీద చేయి వేసుకున్నాడా, ఇదే చూపు. ఎవరైనా అడిగితే, "ఎంతైనా నా పేషెంటు కదా, నా భయం నాది" అనేవారు. అది విని భానుమతి కూడా మా ఆయన మనసు వెన్న అనుకునేది.

శశికళ కూడా అలాగే అనుకుంది. ఒకసారి ఆట చూడటానికి స్వయంగా వెళ్తే, కొడుకు ఎవరినో గుద్దుకుని పడ్డాడు. ఇక అక్కడికి వెళ్లడం మానేసి, ముఖ్యమైన ఆట ఉన్నప్పుడల్లా ప్లేనో వచ్చి రాజగోపాల్ గారి పక్కన కూర్చునేది. "గుండె డాక్టరు పక్కనుంటే నాకు ధైర్యం అన్నయ్యగారూ" అనేది. పిల్లవాడు కింద పడినప్పుడల్లా కళ్లు మూసేసుకుని, "లేచాడా అన్నయ్యగారూ?" అని అడిగేది. "లేచాడు" అనేవారాయన పొడిగా. డాక్టర్లు అలాగే మాట్లాడతారనుకునేది ఆవిడ.

రెండు వేల పదిహేను మే నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, ఫైనల్స్‌కి వెళ్లాలంటే గెలిచి తీరవలసిన ఆట. దామోదర్ స్టేడియంలో ఉన్నాడు. రాజగోపాల్ గారింట్లో పదిమంది పోగయ్యారు. శ్రీధర్ కూడా వచ్చాడు. అతని చిన్నారి కూతురు ఇషా మానవ్ జెర్సీ వేసుకుని కార్పెట్ మీద కూర్చుంది. శశికళ ఎప్పటిలాగే ఆయన పక్కన.

మూడో క్వార్టర్‌లో మానవ్ బంతి లాక్కుని ఒక్కడే పరుగెత్తాడు. చుట్టూ ఎవరూ లేరు. ఎవరూ ముట్టుకోలేదు. సగం దూరం వెళ్లి ఉన్నపళంగా కూలిపోయాడు. బోర్లా పడ్డాడు. కదల్లేదు. బంతి దాని దారిన అది దొర్లిపోయింది.

శశికళ కళ్లు మూసుకుని ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. "లేచాడా అన్నయ్యగారూ?"

"లేచాడా?"

అప్పటికీ జవాబు రాకపోయేసరికి ఆవిడ కళ్లు తెరిచింది. టీవీ చూడటానికి ధైర్యం చాలక ఆయన మొహంలోకి చూసింది. కొడుకు బతికున్నాడో లేదో డాక్టరు మొహంలో తెలుస్తుందని.

రాజగోపాల్ గారి మొహం వెలిగిపోతోంది. ఆవిడ చేతిలోంచి చేయి విడిపించుకుని ఆయన లేచి నిలబడ్డారు. డెబ్భై ఏళ్ల మనిషి ఇరవయ్యేళ్లవాడిలా లేచారు. "చూశారా! నేను చెప్పలేదూ? రెండు వేల ఒకటిలోనే చెప్పాను! ఇక్కడే, ఈ ఇంట్లోనే చెప్పాను!" అన్నారు.

టీవీలో ఇద్దరు పరుగెత్తుకొచ్చి మానవ్‌ని వెల్లకిలా తిప్పారు. అతను పళ్లు బిగించి, పట్టేసిన పిక్కని చేత్తో పట్టుకున్నాడు. వాళ్లు కాలు చాపి, పాదం వెనక్కి వంచి నొక్కారు. నిమిషంలో లేచి నిలబడ్డాడు. కాలు విదిలించి, తన మీద తనే నవ్వుకున్నాడు. స్టేడియం హోరెత్తింది.

"క్రాంపా?" అన్నారు రాజగోపాల్ గారు. గాలి తీసేసినట్టు సోఫాలో కూలబడ్డారు. "ఉత్త క్రాంపేనా?"

ఆ రెండు ముక్కలూ గదిలో అందరికీ వినపడ్డాయి. ఇషాకి కూడా.

శశికళ లేచింది. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది. గొంతు పెంచలేదు. "నా కొడుక్కి ఏమైనా అయితే మీరున్నారని ఇక్కడికొచ్చి కూర్చునేదాన్ని అన్నయ్యగారూ. ఎప్పుడవుతుందా అని మీరు కూర్చున్నారని నాకు తెలియదు" అంది.

"అది కాదు శశికళా, మెడికల్‌గా చూస్తే..." అని ఆయన మొదలుపెట్టారు. జీవితంలో మొదటిసారి ఆయన మాట వినడానికి ఆ గదిలో ఒక్కరు కూడా లేరు. ఆవిడ బ్యాగ్‌లో కారు తాళాలు వెతుక్కుంటోంది. నలభై ఏళ్లు ఆయనతో కాపురం చేసిన భానుమతి లేచి, భర్త వైపు చూడనైనా చూడకుండా, "ఇలా ఇవ్వు శశీ, నేను డ్రైవ్ చేస్తాను" అని ఆవిడ భుజం పట్టుకుని నడిపించుకుపోయింది. శ్రీధర్ తన కూతుర్ని ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. పోనీ వెళ్లొస్తామని కూడా ఎవరూ అనలేదు.

గదిలో ఆయనా, టీవీ మిగిలారు. నాలుగో క్వార్టర్ మొదలైంది. మానవ్ మళ్లీ పరుగెత్తుతున్నాడు. ఒకచోట కాలు మడతపడి తూలాడు.

రాజగోపాల్ గారు ఆశగా ముందుకి వంగారు.