కదలని చుక్క

అన్యాయం ఎవరికి జరిగింది? ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే ముప్పైమంది ఆడవాళ్లకు. ఎలా జరిగింది? వాళ్లు పనికి వెళ్లే మధ్యాహ్నపు బస్సును, ఎక్కేవాళ్లే లేరని ఆపేశారు. లేరని చెప్పింది కంప్యూటరు. అలా చెప్పమని దానికి నేర్పింది మాత్రం ఒక మనిషి. రవాణా కార్యాలయంలో ఆమెను అందరూ చుక్కలమ్మ అంటారు.

జనం జేబుల్లోని ఫోన్లు ఎటు వెళితే అటు ఆమె తెర మీద చుక్కలు కదులుతాయి. వాటికి పేర్లుండవు, ముఖాలుండవు. ఆ చుక్కలతో ఆమె తెర మీద మరో నగరాన్ని కట్టింది. ఒక బస్సు తీసేస్తే ఎవరు ఏ దారి పడతారో, ఏ కూడలి కిక్కిరిసిపోతుందో ఆ నమూనా నగరం ముందే చూపిస్తుంది. అందులో మధ్యాహ్నపు బస్సును తీసి చూస్తే ఏమీ జరగలేదు. ఒక్క చుక్క కూడా దారి మార్చుకోలేదు. మూడు వారాల క్రితం నిజం బస్సు ఆగింది. గురువారం రవాణా సంఘం సమావేశమై దాన్ని శాశ్వతంగా రద్దు చేయబోతోంది.

ఆదివారం చుక్కలమ్మ అక్క ఇంటికి వెళ్లింది. అక్క వేడినీళ్ల బకెట్టులో పాదాలు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏమైందే కాళ్లకి?"

"ఏమవుతుంది, నడుస్తున్నాయి. బస్సు తీసేశారుగా, గంటంపావు నడక." అక్క నవ్వింది. "ఎవడో మహానుభావుడు మేమసలు ఊళ్లోనే లేమని తేల్చాట్ట. చచ్చిపోయామేమో, మాకే ఇంకా కబురందలేదు."

చెల్లెలు ఆఫీసులో ఏదో కంప్యూటరు పని చేస్తుందని తప్ప అక్కకు తెలియదు. చుక్కలమ్మ బకెట్టు పక్కనే పీట లాక్కుని కూర్చుంది.

"పనికెళ్లేప్పుడు ఫోను పట్టుకెళ్లవా?"

"అమ్మకి ఏమన్నా అయితే ఎవర్ని పిలుస్తుంది? దిండు కింద పెట్టి వెళ్తా. మా లాండ్రీలో అందరం అంతే. ఇంట్లో వాళ్లకి ఫోను, మాకు కాళ్లు."

లోపలి మంచం మీంచి అమ్మ అంది: "నాకేం కాదు. రోజంతా ఆ ఫోనుకి నేనే కాపలా."

చుక్కలమ్మ లేచి కిటికీ దాకా వెళ్లింది, తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. పది రోజులు చోటు కదలని ఫోను మనిషిది కాదు, దుకాణంలో సరుకో అటక మీది పాత సామానో అయి ఉంటుంది, దాన్ని లెక్కలోంచి కొట్టెయ్యి. ఆ నియమం రాసింది తనే. రాసిన రోజు తన తెలివికి తనే మురిసిపోయింది కూడా. అక్కను తన చేత్తోనే నగరంలోంచి కొట్టేసింది.

అదీ మొదటిసారి కాదు. తనకు తొమ్మిదేళ్లప్పుడు బడిలో హాజరు పుస్తకం మీద తనే సిరా బుడ్డి ఒలకబోసింది. ఎవరు చేశారని పెద్ద టీచరు అడిగితే తను నోరు మెదపలేదు. అక్క లేచి "నేనే" అంది. అదే పుస్తకంలో అక్క పేరు కొట్టేసి, బడిలోంచి పంపేశారు. మరుసటి నెలే అక్క లాండ్రీలో చేరింది. ఇన్నేళ్లలో ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

సోమ, మంగళ, బుధవారాల్లో చుక్కలమ్మ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయింది. మధ్యాహ్నం ఎండలో ఆసుపత్రి దారిలో నిలబడి, నడిచి వెళ్లేవాళ్లను కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టింది. ఆ ముప్పైమందినీ నమూనా నగరంలో చేర్చి బస్సును మళ్లీ తీసి చూసింది. ఈసారి ముప్పై చుక్కలు రోడ్డు పట్టి నడిచాయి.

రవాణా కార్యాలయం సూపరింటెండెంటు కాగితాలు చూసి గొంతు తగ్గించాడు. "యంత్రంలో లోపం అని రాసేద్దామమ్మా. యంత్రానికి పరువేం పోదు కదా."

ఆమె కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

గురువారం ఉదయం సమావేశానికి లాండ్రీ ఆడవాళ్లూ వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. చుక్కలమ్మ రెండు లెక్కలూ పక్కపక్కన చూపించింది. సంఘం అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి అడిగాడు: "అంటే ఇన్నాళ్లూ తప్పు లెక్క మీద నడిచామన్నమాట. ఎవరు చేశారిది?"

చెల్లెలు కాగితాల్లోకి తల వంచడం అక్క చూసింది. మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. "అయ్యా, మేమే ఫోన్లు ఇంట్లో పెట్టి వెళ్తాం. అది మా తప్పే..."

"అక్కా, కూర్చో." చుక్కలమ్మ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నేనే చేశాను. ఆ నియమం నేను రాశాను. యంత్రం తప్పేం లేదు. అప్పుడు చేసింది కూడా నేనే."

చివరి మాట సంఘంలో ఎవరికీ అర్థం కాలేదు. అక్క మాత్రం నెమ్మదిగా కూర్చుంది.

సోమవారం నుంచి బస్సు మళ్లీ నడపాలని సంఘం తీర్మానించింది. మరో తీర్మానం కూడా చేసింది. నమూనా నగరం పనిలోంచి చుక్కలమ్మ పేరు తొలగించాలి. గుమాస్తా ఆమె ముందే పుస్తకం తెరిచి, ఆ పేరు మీద స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాడు. ఆమె ఆ గీత చివరిదాకా చూసింది.

మెట్ల మీద అక్క ఆమె భుజం పట్టుకుని దిగుతోంది.

"పేరు కొట్టేశారుగా నీది."

"కొట్టేశారు."

అక్క రెండు మెట్లు దిగాక ఆగింది. "ఇక నాకు నువ్వేం బాకీ లేవే," అని, భుజం మీది చెయ్యి తీయకుండానే మూడో మెట్టు మీద అడుగు వేసింది.