డాక్టరు జేబులో గులాబీ కాగితం

పొద్దున్న ఏడయ్యేసరికి ఓరిన్ హాల్వర్సన్ రెండు జగ్గుల కాఫీ పెట్టాలి. ఒకటి తనకీ, భార్య బెర్నడీన్‌కీ. రెండోది తన వేషాలకి.

నలభై ఒక్క ఏళ్లుగా అదే వరస. నార్త్ హాలీవుడ్‌లోని ఆ రెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఎవర్ని అడిగినా చెబుతారు. ఓరిన్ టీవీలోనో, సినిమాలోనో, నాటకంలోనో ఒక వేషం వేసి ఇంటికొస్తాడు. వారం తిరక్కుండా ఆ వేషం తన బట్టల్లో తను, అప్పటి ఓరిన్ మొహంతో, మెట్లెక్కి వచ్చేస్తుంది. ఖాళీగా ఉన్న పోర్షన్ ఒకటి చూసుకుని దిగిపోతుంది. ఈతకొలను దగ్గరికి గాజుగ్లాసులు తెస్తారని తప్ప వాళ్ల మీద మేనేజరుకి వేరే ఫిర్యాదు లేదు.

అవేం హీరో వేషాలు కావు. ఓరిన్‌ది హీరో మొహం కాదు, "ఎక్కడో చూశానే" అనిపించే మొహం. కూరగాయల దగ్గర జనం ఆగి, "మీరు మా పళ్ల డాక్టరు కదూ?" అంటారు. జడ్జీ, బస్సు డ్రైవరు, కాపలావాడు, శవపేటికలమ్మేవాడు, ఇలా నూట అరవై పైచిలుకు వేషాలేశాడు. ఒక్కదానికీ పేరు లేదు. అయ్యో పాపం అని ఎవరైనా జాలిపడితే మాత్రం అతనికి ఒళ్లు మండేది.

"పెళ్లికొడుకు ఒక్కడుంటే పెళ్లవుతుందా? కేకు మోసుకొచ్చేవాడుండాలి. కిందపడేయకుండా తెచ్చేవాణ్ణి నేను. నాలాంటివాడు ఈ ఊళ్లో ఇంకొకడుంటే చూపించండి!" అనేవాడు. అబద్ధం కాదది. అతని ధీమా అతనిది.

వేషాలకో పద్ధతుంది. రాసిచ్చిన డైలాగు తప్ప మాట్లాడవు. అదీ దాని ముందు మాట ఎవరైనా అందిస్తేనే. ఒకసారి అన్నాయంటే అది జరిగి తీరుతుంది. "తెరిచారా?" అని అడిగితే కాపలావాడు "ఇవాళ్టికి మూసేశాం" అంటాడు. ఎదుటున్న కొట్టు షట్టరు దిగిపోవాల్సిందే. అందుకే అతన్ని డోనట్ల కొట్టు వైపు పోనివ్వరు. జడ్జీ "కేసు కొట్టేశాను" అంటాడు గనక, కారు తప్పుచోట నిలిపి జరిమానా చీటీ రాయించుకున్నవాళ్లంతా శనివారం ఆయన గుమ్మంలో వరస కడతారు.

చిక్కల్లా డాక్టరుతోనే. ముప్పై ఏళ్ల కిందటి సినిమా, ఒక్కరోజు పని. తెల్లకోటు, నెరవని జుట్టు, పైజేబులోంచి తొంగిచూసే గులాబీరంగు చేతిరుమాలు. "ఎలా ఉంది?" అంటే చాలు, "చేయగలిగిందంతా చేశాం. క్షమించండి" అంటాడు. కొత్తగా అద్దెకి దిగిన అబసోలో అనే ఆయన ఒకరోజు మెట్ల మీద మర్యాదకి "ఎలా ఉంది, డాక్టర్?" అన్నాడు. డాక్టరు జవాబు చెప్పాడు. అబసోలో పైకెళ్లేసరికి పంజరంలో చిలక కాళ్లు చాచేసింది. అప్పట్నుంచీ ఆ మెట్ల మీద ఎవరూ ఎవర్నీ ఎలా ఉందని అడగరు. "ఎండ బాగుంది" అనుకుని సరిపెట్టుకుంటారు.

బెర్నడీన్‌కి మాత్రం డాక్టరంటే ముద్దు. "వాడేం చేస్తాడు పాపం? రాసినవాణ్ణి అనాలి" అంటూ వాడి కాఫీలో ఒక చెంచా చక్కెర ఎక్కువేసేది. ఓరిన్ వేసిన ప్రతి వేషానికీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అవతలివాళ్ల మాటలు చదివింది ఆవిడే. హీరోయిన్‌గా చదివింది, దొంగగా చదివింది, ఒకసారి గుర్రంలా సకిలించింది కూడా.

ఆ బెర్నడీన్‌కి గుండె కవాటం పాడైంది. మంగళవారం పొద్దున ఆపరేషన్ అన్నారు.

"డాక్టర్ని మాత్రం అక్కడికి రానివ్వకు," అంది ముందురోజు బట్టలు సర్దుకుంటూ. "నేను కాఫీ ఇవ్వకపోతే వెతుక్కుంటూ వచ్చేస్తాడు."

"వాడి గదికి బయట తాళం వేస్తాలే."

"నువ్వా! కళ్లజోడు ఫ్రిజ్‌లో పెట్టి ఇల్లంతా వెతికే మనిషివి."

"నోరు మూసుకుని పడుకో, ముసలీ," అన్నాడు ఓరిన్. అంటూనే ఆవిడ చేతిలో బట్టలు తను అందుకున్నాడు.

తెల్లారి కంగారులో తాళం వేశాడు. జడ్జీ గదికి వేశాడు.

ఆస్పత్రిలో ఎనిమిదింటికి బెర్నడీన్‌ని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారు. ఫ్రెస్నో నుంచి కారేసుకుని ఆవిడ చెల్లెలు మాక్సీన్ వచ్చింది. ఇద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. చుట్టూ ఇంకో పాతికమంది, ఎవరి మనిషి కోసం వాళ్లు. తెల్లకోటు కనిపిస్తే చాలు, అంతా ఒక్కసారి తలెత్తుతున్నారు.

పదకొండింటికి లిఫ్టు తెరుచుకుంది. డాక్టరు దిగాడు. నర్సులు పక్కకి తప్పుకుని దారిచ్చారు. మరి ఓరిన్ నడక నేర్పితే అలా ఉంటుంది. తిన్నగా వచ్చి ఓరిన్ ముందు నిలబడ్డాడు.

మాక్సీన్ ఆత్రంగా లేచింది. "డాక్టర్ గారూ, మా అక్కకి ఎలా..."

ఓరిన్ చటుక్కున లేచి ఆమె నోరు మూసేశాడు. "ఆ మాట అనకు! చచ్చినా అనకు!"

ఆమెకి అప్పుడు ఆ మొహం తెలిసొచ్చింది. చిలక సంగతి ఫ్రెస్నో దాకా పాకింది మరి. "అయ్య బాబోయ్! పంపించెయ్ బావా, పంపించెయ్!" అంది అతని వేళ్ల సందులోంచి.

పంపించెయ్యడం ఎలా? డైలాగు చెప్పకుండా వేషం కదలదు. ఆ పట్టుదల ఓరిన్ దగ్గర నేర్చిందే. పైగా ఇది ఆస్పత్రి. ఇక్కడున్న పాతికమందికీ నోట్లో ఉన్న ప్రశ్న అదొక్కటే. బెర్నడీన్ లేకపోతే ఆ మొదటి జగ్గు కాఫీ ఎవరికోసం పెట్టాలి?

తల దించుకున్నాడు. కళ్ల ముందు డాక్టరు జేబు. గులాబీరంగు. దగ్గర్నుంచి చూస్తే అది గుడ్డ కాదు, కాగితం. నాలుగు మడతలు పెట్టింది. సెట్లో డైలాగు కాగితాన్ని అలా మడిచి జేబులో దోపుకునే అలవాటు ఓరిన్‌దే.

అప్పుడు గుర్తొచ్చింది. షూటింగులో మాటలు మారితే రంగుకాగితం మీద వస్తాయి. మొదటిసారి మారితే నీలం, మళ్లీ మారితే గులాబీ. సినిమాలో హీరోయిన్ తల్లిని చంపాలో బతికించాలో నిర్మాతలు తేల్చుకోలేక, ఆ పొద్దున రెండు రకాలుగానూ తీయించారు. చావు కబురుకి హీరోయిన్ ఎదురుగా నిలబడి ఏడ్చింది. రెండోదానికి వచ్చేసరికి తన పనైపోయిందని బండెక్కి వెళ్లిపోయింది. ఆమె మాటని సంభాషణలు చూసే అమ్మాయి శాండ్‌విచ్ నములుతూ చదివింది. ఓరిన్ తన జీవితంలోకెల్లా మంచి కబురు ఒక శాండ్‌విచ్‌కి చెప్పాడు. ఆ ముక్క కోసి పారేశారు. ఆ రోజే వచ్చిన కాగితం గనక బెర్నడీన్ కూడా దాన్ని చదవలేదు.

ఓరిన్ కాగితం లాగి మడతలు విప్పాడు. "ఒక్కసారి చూడొచ్చా," అని హీరోయిన్ మాట చదివాడు.

డాక్టరు కదల్లేదు. ఆ మాటని ఇలా చదివేసినవాళ్లే గానీ, అతన్ని నిజంగా అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"సరుకుల చీటీ చదివినట్టు చదివావేం బావా!" అంది మాక్సీన్ ఏడుపుగొంతుతో.

మూలనున్న ముసలావిడ చేతికర్ర పట్టుకుని లేచింది. "డాక్టర్, మా ఆయనకి..." అంటూ ఇటే వస్తోంది.

ఓరిన్ కాగితం మడిచేశాడు. నలభై ఒక్క ఏళ్లలో తన పనైపోయిందని అతను ఏనాడూ బండెక్కి వెళ్లిపోలేదు. కెమెరా ఎదుటివాడి మీదున్నా సరే, దాని పక్కనే నిలబడి, తను కనపడకపోయినా మాట నిండుగా అందించేవాడు. ఈ విద్య తనకి వచ్చు. తనకొచ్చినంత ఎవడికీ రాదు. కోటు గుండీ పెట్టుకుని, నెరవని జుట్టుతో నిలబడ్డ తన మొహంలోకి తనే సూటిగా చూశాడు.

"ఒక్కసారి చూడొచ్చా?" అన్నాడు.

గొంతు జీరపోయింది. నటించి తెచ్చుకున్న జీర కాదది.

ముప్పై ఏళ్లుగా బిగుసుకుపోయిన డాక్టరు మొహం మెల్లగా విప్పారింది. "రండి," అన్నాడు. "కళ్లు తెరిచింది. మిమ్మల్నే అడుగుతోంది."

ఎదురుగా తలుపు తెరుచుకుంది. అసలు డాక్టరు టోపీ తీసేస్తూ "హాల్వర్సన్ గారూ!" అని పిలిచాడు. మాక్సీన్ కుర్చీలో కూలబడి భోరుమంది.

ఓరిన్ రెండడుగులు వేసి వెనక్కొచ్చాడు. గులాబీ కాగితాన్ని ముసలావిడ చేతిలో పెట్టాడు. "అమ్మా, ఈ డాక్టర్ని ఎలా ఉందని అడక్కండి. ఇందులో ఉన్నట్టు అడగండి. చదవద్దు, నిజంగా అడగండి."

లోపలికి వెళ్తుంటే ఆవిడ అడగడం వినిపించింది. వెనకే డాక్టరు "రండి" అన్నాడు.

బెర్నడీన్ మొహం పాలిపోయి ఉంది. అయినా అతని అరచేతి వంక చూసి, "ఆ ఎరుపేంటి?" అంది నీరసంగా.

"మీ చెల్లెలి లిప్‌స్టిక్."

"వాడు వచ్చాడన్నమాట. తాళం ఎవరికి వేశావు?"

"జడ్జీకి."

"అనుకున్నా." కళ్లు మూసుకుని అతని వేళ్లు పట్టుకుంది. "ఎన్నో టేక్‌కి ఓకే అయింది?"

"రెండో టేక్," అన్నాడు ఓరిన్.