ఏడాదికి పైగా తెరవని ఫైళ్లు

కెమెరాలు, ఫోన్లు, రికార్డర్లతో పాటు పెట్టెలో వచ్చే చిన్న పుస్తకాలు రాయడం నా పని. వాటిని ఎవరూ చదవరని తెలిసే రాస్తాను. ఇతరులు రాసినవి మాత్రం పొల్లుపోకుండా చదువుతాను. అదో జబ్బు నాకు.

సోమవారం పొద్దున కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ అయి కొత్త ముఖంతో లేచింది. నేను కాఫీ పక్కన పెట్టుకుని సెట్టింగుల్లో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. అక్షరాలు పెద్దవి చేశాను. అస్తమానం టింగుమనే సందేశాల నోరు మూయించాను. స్టోరేజీ పేజీలో ఒక కొత్త మీట కనిపించింది: 'ఏడాదికి పైగా తెరవని ఫైళ్లను శాశ్వతంగా తొలగించు.' రెండుసార్లు చదివాను. కాలం చెల్లిన కెమెరాల చిత్తుప్రతులు వందల కొద్దీ పేరుకుపోయి ఉన్నాయి. పీడ విరగడవుతుందని నొక్కాను. చూస్తుండగానే డిస్కు సగం ఖాళీ అయింది. ఏదో ఘనకార్యం చేసినట్టు మా ఆవిడను పిలిచి మరీ చూపించాను.

ఆమె పలక మీద 'మీ అలమారా కూడా ఇలా సర్దితే బాగుండు' అని రాసి, నేను చదివాక తుడిచేసి వెళ్లింది.

మా ఆవిడకు గొంతు ఆపరేషన్ జరిగి మూడేళ్లు. స్వరపేటిక మొత్తం తీసేశారు. అప్పటి నుంచి ఆమె మాటలన్నీ ఆ పలక మీదే.

బుధవారం మధ్యాహ్నం తీరిక చేసుకుని మిగిలిన పేజీలు తెరిచాను. 'మీ స్వరం' అని ఒక కొత్త సదుపాయం ఉంది. ఎవరి గొంతైనా పదిహేను నిమిషాల రికార్డింగ్ ఇస్తే, ఆపైన మనం టైపు చేసిందల్లా ఆ గొంతుతోనే పలుకుతుందట. ఇవ్వకపోతే కంప్యూటర్‌లో ముందే ఉన్న గొంతు పలుకుతుందట. ఆపరేషన్‌కు ముందు రోజు ఆమె ఈ కంప్యూటర్ ముందే కూర్చుని, మా అమ్మాయి కోసం నలభై నిమిషాలు మాట్లాడి దాచింది. దాన్ని వినే ధైర్యం మా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. ఇంకోసారి విందాం, వచ్చే నెల విందాం అనుకుంటూ మూడేళ్లు గడిపేశాం.

వంటింట్లోకి పరుగెత్తి చెప్పాను. ఆమె స్టవ్ కట్టేసి, తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చుంది. మొదట ఏం పలికించాలో తనే టైపు చేసింది. నన్ను చూడనివ్వకుండా తెరకు చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె ముఖంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో.

నేను వెనక నిలబడి, మౌస్ అందుకుని, రికార్డింగ్ ఉన్న ఫోల్డర్ తెరిచాను. అందులో ఏమీ లేదు.

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. ఆ మీట నొక్కితే పోయినవి ఇక రావని చెప్పి, నకలు ఉందా అని అడిగాడు. ముందుగా నకలు తీసి పెట్టుకోండని నా ప్రతి పుస్తకంలోనూ రెండో పేజీలో రాస్తాను. మాకు లేదు. ఫోన్లలో మిగిలిన పాత వీడియోలు వెతికాను. ఇంట్లో వీడియోలు తీసేది ఎప్పుడూ ఆమే. వాటిలో ఆమె గొంతు 'ఇటు చూడండి' దగ్గరే ఆగిపోయింది.

ఆమె పలక తీసుకుని నెమ్మదిగా రాసింది. 'చదవకుండా నొక్కారా?'

"చదివే నొక్కాను," అన్నాను.

ఆమె పలక తుడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆమె కళ్లలోకి చూడలేక, తెర మీద ఉన్నదాన్ని మూసేద్దామని ఏదో నొక్కాను. ఈసారి చదవలేదు.

స్పీకర్లోంచి ఎవరో అమ్మాయి, ముక్కూ ముఖం తెలియని అమ్మాయి, హుషారుగా పలికింది.

"ఏమండీ. ఇలా పిలిచి మూడేళ్లయింది కదూ."

మా ఆవిడ లేచి స్పీకర్ వైరు లాగేసింది.