ఎడమచేతి పట్టు

ఫినాయిలు నీళ్లలో ముంచిన గుడ్డను పిండి, మ్యాట్ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ తుడుస్తున్నాడు దిండు. పిండేటప్పుడు కుడిచెయ్యే తిప్పుతోంది. ఎడమచెయ్యి ఊరికే తోడుంటోంది. కింద సైకిళ్ల దుకాణంలోంచి సుత్తి చప్పుడు వస్తోంది. దాని పైనున్న ఈ కుస్తీ హాలును రోజూ తుడిచేదీ, తుడిచిన చోటే రోజంతా కిందపడేదీ అతనే.

అతనికి ఇంట్లో పెట్టిన పేరు ఇంకోటుంది. హాలులో దానితో ఎవరికీ పని పడలేదు. "వీడు దిండురా, ఎంత కుమ్మినా మళ్లీ ఉబ్బుతాడు" అని వాళ్లకు కుస్తీ నేర్పిన పెద్దాయన ఒకనాడు అన్నాడు, అదే ఖాయమైపోయింది. దిండు పోటీల్లో గెలిచింది లేదు. కానీ ఈ హాలునుంచి వెళ్లి గెలిచిన ప్రతివాడి చెయ్యీ ముందు అతని మెడ మీద పడిందే. చెవులు నలిగి నలిగి ఎండు పుట్టగొడుగుల్లా ముడుచుకుపోయాయి. మెడ ఎంత లావంటే, పెళ్లినాడు కూడా కాలరు గుండీ పెట్టుకోలేకపోయాడు.

పొద్దున ఇంట్లో భార్య టీ గ్లాసు అతని కుడిచేతికే అందించింది. ఎడమచేతిలోంచి గ్లాసులు జారి పగలడం మొదలైనప్పటినుంచి ఆవిడకు అదే అలవాటు.

"ఇవాళైనా మీ కోచ్‌కి చెప్తావా, నన్నే వచ్చి చెప్పమంటావా?"

"చెప్తాలే."

"నీ 'లే'తోనే వానాకాలమంతా పోయింది. మెడలో నరం నలిగింది, ఇంకెవరైనా పట్టి గుంజితే చెయ్యే పోతుందని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అయినా ఆ మెడ నీదేనా, ఊళ్లోవాళ్లకి రాసిచ్చేశావా?"

నవ్వి బయటపడ్డాడు. చెప్పడం ఎంతసేపు? కానీ చెప్పిన మర్నాడు పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలో అతనికి తెలియదు.

మ్యాట్ ఆరేలోపు, అక్కడ కుస్తీ నేర్చుకుంటున్న పొడుగమ్మాయి వచ్చింది. ఆదివారం ఆమెకు మొదటి పెద్ద పోటీ.

"బాబాయ్, ఇవాళ నిన్ను ఎత్తి అవతల పారేస్తా."

"పారేద్దువుగాని, ముందు ఆ వేళ్లు విప్పు. నడుం పట్టుకుని వేళ్లలో వేళ్లు దూరుస్తావేం? ఎదుటివాళ్లు గింజుకుంటే పుల్లల్లా విరుగుతాయి. కొక్కెంలా వంచి, రెండో కొక్కేనికి తగిలించు. ఆఁ, అదీ. ఇప్పుడు మెడ పట్టు."

ఆమె కుడిచెయ్యి అతని మెడ వెనక్కి వచ్చింది.

"లాగొద్దు తల్లీ. మోచెయ్యి నా రొమ్ముకి ఆనించి, బరువు వదిలెయ్యి. దండెం మీద తడిబట్ట వేలాడినట్టు వేలాడాలి."

వేలాడింది. మెడలోంచి మోచేతిదాకా నిప్పుకణిక జారినట్టయింది. దిండు పళ్లు బిగపట్టి, "బాగుంది" అన్నాడు. తన కుడిచెయ్యి ఆమె మెడ మీద వేసి, ఎటు తోస్తే ఎటు జరగాలో చూపించసాగాడు. ఎడమచెయ్యి ఆమె భుజాన్ని ఊరికే తాకుతూ ఉంది, పని చేస్తున్నట్టు.

అప్పట్లో పెద్దాయన ఒక ఆట ఆడించేవాడు. కళ్లకు తువ్వాలు కట్టి, ఒక్కొక్కరి చేత మెడ పట్టించి, ఎవరి చెయ్యో చెప్పమనేవాడు. చెప్పలేనివాడు హాలు తుడవాలి. దిండు ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు కోచ్ అయినవాడు మాత్రం రోజూ తప్పేవాడు, రోజూ తుడిచేవాడు. వాడు గుర్తుపట్టగలిగింది ఒక్క దిండు చేతినే. ఇద్దరూ ఒకే బకెట్ దగ్గర కాళ్లు కడుక్కుని, ఒకే సైకిలు మీద ఇళ్లకు పోయేవాళ్లు. ఎవరు తొక్కాలన్నదానికీ కుస్తీయే.

కోచ్ మధ్యాహ్నం వచ్చాడు. పొట్ట వచ్చింది, గోడ మీది ఫోటోలో పతకంతో నిలబడ్డవాడు ఇతనేనంటే కొత్తవాళ్లు నమ్మరు.

"ఏదమ్మా, చూద్దాం" అని పొడుగమ్మాయి మెడ మీద ఎడమచెయ్యి వేశాడు. ఒక్క గుంజుకి ఆమె మోకాళ్ల మీద పడింది. లేచింది. మళ్లీ పడింది.

"ఎడమచెయ్యి జన్మలో చూడనట్టు చేస్తావేంటి?"

"బాబాయ్ ఎప్పుడూ కుడిచెయ్యే వేస్తాడు సార్."

ఆ పిల్ల చాడీ చెప్పలేదు, ఉన్న మాట చెప్పింది. ఇన్నాళ్లూ దిండు తన చేతిని మాత్రమే దాస్తున్నాననుకున్నాడు. ఆ పిల్లకు రావలసిన సగం ఆటను కూడా దాచేశాడు. ఆదివారం ఎడమచేతివాటం పిల్ల ఎదురైతే?

"ఒరేయ్, ఇలా రా" అన్నాడు కోచ్.

చాలా ఏళ్లయింది వాళ్లిద్దరూ పట్టు పట్టి. నుదురుకు నుదురు ఆనింది. దిండు ఎడమచెయ్యి ఎత్తి స్నేహితుడి మెడ మీద వేశాడు. వేళ్లు ముడుచుకోమన్నాడు. అవి సగంలో ఆగిపోయాయి.

కోచ్ కదల్లేదు. మెల్లిగా అడిగాడు. "ఇది నీ చెయ్యేనట్రా?"

"నాదే."

"ఎప్పట్నుంచి?"

"వానలప్పట్నుంచి."

"చెప్పడానికేం రోగం?"

"చెప్తే పంపేస్తావుగా."

కోచ్ అతని మెడ గుంజలేదు. అలాగని చెయ్యీ తియ్యలేదు. ఆ చేతి బరువు దిండుకు తెలిసినదే, కుర్రతనంనుంచీ మోసినదే.

"కుర్చీ వేయిస్తాను. కూచుని పిల్లలకు చెబుదువుగానీ."

"కుర్చీలో దిండా?" నవ్వబోయాడు, సరిగ్గా రాలేదు. "నా వల్ల కాదురా. చేత్తో తప్ప నోటితో నేర్పడం నాకు రాదు. ఈ పిల్లకి ఎడమచేతి పట్టు నువ్వు చెప్పు. ఆదివారంలోపు."

కోచ్ చొక్కా విప్పి, పొట్ట లోపలికి బిగించి, పొడుగమ్మాయికి తన మెడ అప్పగించాడు. దిండు గోడకానుకుని చూశాడు. ఆమె పడింది, లేచింది, పడింది. ఎండ కిటికీనుంచి గోడ మీదికి పాకేవేళకు ఎడమచేతి గుంజుకు ఎదురు జరిగి, తన చెయ్యి ఆయన మెడకు తగిలించి, తడిబట్టలా వేలాడింది. ముందుకు తూలింది ఈసారి కోచ్. దిండు తలుపువైపు తిరిగాడు. వాళ్లు చూడలేదు.

బస్సు స్టాపులో నిలబడ్డాక అరికాళ్లకు గులకరాళ్లు గుచ్చుకున్నాయి. కిందికి చూసుకుంటే కాళ్లకు మ్యాట్ మీద వేసుకునే పల్చని బూట్లే ఉన్నాయి. వాటితో వీధి తొక్కకూడదని హాలులో కట్టుబాటు. మట్టి తగిలిన బూటు మళ్లీ మ్యాట్ ఎక్కదు. వెనక్కి వెళ్దామా అనుకునేలోపు బస్సు వచ్చింది. కుడిచేత్తో కమ్మీ పట్టుకుని ఎక్కాడు.

మేడమీద, హాలు గుమ్మం పక్కన, ఎడమ మడమ బాగా అరిగిన అతని చెప్పులు పొద్దున విడిచినవి విడిచినట్టే, లోపలివైపు తిరిగి ఉన్నాయి.