పచ్చ తోలు మీద గోళ్ల గాట్లు

ఏరా పొనీరన్, దెయ్యం కథ చెప్పమని నువ్వే అడిగి, నేనింకా నోరు తెరవకముందే లుంగీ బిగించుకుంటావేంరా? అలల చప్పుడు వింటేనే చెవులు మూసుకునేవాడివి, నీకు మళ్లీ మీసాలొకటి! ఇలా జరుగు. ఉడికిన పల్లీలు ఇటు పెట్టు, నేను వలుస్తా. ఈ చిటికెన వేలి గోరు ఇంత పొడుగు పెంచింది ఊరికే కాదు. పల్లీ వలవాలన్నా, చెవి గోక్కోవాలన్నా దీని తర్వాతే ఏదైనా. సరే, విను. మధ్యలో పారిపోయావంటే నీ పల్లీలు కూడా నావే.

మా సైనా అక్క కూతురు రెత్నానిని ఎరుగుదువుగా. వారమంతా ఆరోగ్య కేంద్రంలో చీటీలు రాస్తుంది. ఆదివారం వచ్చిందంటే వసారాలో చాప పరిచి, తోలు ముందేసుకుని కూర్చుంటుంది. నోటు పుస్తకాలకి తోలు తొడుగులు చెయ్యడం దాని సరదా. తోలుని తడిగుడ్డతో తడుపుతుంది, మెత్తబడ్డాక చిన్న ఇనప అచ్చులు పెట్టి కొయ్యసుత్తితో టకటకా కొడుతుంది. పువ్వులు, తీగలు, చేపలు అలా లేచి నిలబడతాయి. తడిగా ఉన్నప్పుడు తోలు మీద ఏది ఆనినా గుర్తు పడిపోతుంది. ఆరిందంటే మాత్రం చెక్కే. ఇక గోరు దిగదు.

ఆ రోజు నేను వెళ్లేసరికి ఒళ్లో ఒక తొడుగుంది. ముదురు పచ్చ రంగు, దాని నిండా అలలు. చూడగానే మనసు పారేసుకున్నాను. నా గువ్వలు గెలిచిన కూత పందేలు రాసుకునే పుస్తకానికి అది తొడిగి తీసుకెళితే పందెంగాళ్లందరి కడుపులూ మండిపోవాలి.

"ఎంతే?" అన్నాను.

"నాలుగున్నర లక్షల రూపియా మావయ్యా." ఒక కొత్త గువ్వ ధర!

"నేనడిగింది తొడుగు ధర. ఆవుతో సహా కాదు."

"తోలు, దారం, రంగు, ఇన్ని ఆదివారాల నా పని. లెక్క చెప్పనా?"

"లెక్కలు పరాయివాళ్లకి చెప్పు. నాకు చుట్టాల ధర చెప్పు."

రెత్నాని సుత్తి కింద పెట్టింది. "చుట్టాల ధర అంటే నా చేతుల్ని లెక్కలోంచి తీసెయ్యడమేగా! పిన్నికి అలాగే ఇచ్చా, బాబాయికి అలాగే ఇచ్చా. ఈ ఒక్కటైనా పూర్తి ధరకి పోకపోతే ఈ అచ్చులన్నీ అటకెక్కించేస్తా. వచ్చే ఆదివారం నగరంలో సంతకి తీసుకెళుతున్నా."

"అబ్బో, కోపమే!" అన్నాను. అది టీ పెట్టడానికి లోపలికెళ్లింది. అంచు పని మిగిలిందని తోలుని అంతకుముందే మళ్లీ తడిపి పెట్టింది. పచ్చ రంగు ఎవరిదో నీకు తెలుసు కదరా? ఆ ఇసుక దిబ్బ అవతల దక్షిణ సముద్రపు రాణిగారిది. పచ్చ వేసుకున్నవాణ్ణి నీళ్లలోకి లాక్కుంటుందనేగా, పచ్చ చొక్కాతో ఒడ్డుకెళ్లడానికి మనలో ఎవడికీ ధైర్యం చాలదు! నా బుర్రలో దీపం వెలిగింది. అయిదు వేళ్లూ అలల మీద పెట్టి గట్టిగా నొక్కాను. అయిదు గాట్లు పడ్డాయి. గబగబా గువ్వ పంజరం దగ్గరికెళ్లి గింజలు వేస్తున్నట్టు నిలబడ్డాను.

రెత్నాని వచ్చి, గ్లాసులు కింద పెట్టి చూసింది.

"ఎవరు మావయ్యా ఇది?"

"నేనిక్కడే ఉన్నానే. ఒక్కసారి చల్లగాలి మాత్రం కొట్టింది." గొంతు తగ్గించాను. "పచ్చ రంగు ఎందుకేశావే పిచ్చిదానా? గాట్లు పడ్డది సంతలో ఎవరు కొంటారు? నాకిచ్చెయ్, చుట్టాల ధరకి. ఆ గండమేదో నేను మోస్తా."

"రేపు చెబుతా," అంది, తల ఎత్తకుండా. దారంతా నవ్వుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దుగూకే వేళకి వెళ్లాను. తలుపు వెయ్యలేదు, దీపం పెట్టలేదు. రెత్నాని తొడుగుని రెండు వేళ్లతో పట్టుకుని నా ముందు పెట్టింది. నా గాట్ల కింద ఇంకో వరస ఉంది.

"ఇవి నిన్న లేవు మావయ్యా."

తోలు పట్టుకు చూశాను. ఆరిపోయి చెక్కలా ఉంది. గోరు గుచ్చి చూశాను, దిగలేదు. మరి ఈ గోళ్లు ఎలా దిగాయిరా? అది దీపం తేవడానికి లోపలికెళ్లగానే నా వేళ్లు మెల్లగా ఆ కొత్త గాట్ల మీద పెట్టాను.

ఒక్కో వేలూ దాని గాట్లో కుదురుకుంది. తేడా లేదు. అది నా చెయ్యే. కానీ నేను పెట్టలేదు.

ఇంటికెలా వచ్చానో తెలీదు. పంజరం తాడు తెచ్చి కుడి చేతిని మంచం కోడుకి కట్టుకున్నాను. తెల్లారి చూస్తే తాడు నేల మీద పడి ఉంది. నా చెయ్యి నా పొట్ట మీదే ఉంది, కానీ ఎవరిదో చెయ్యి తెచ్చి అక్కడ పెట్టినట్టుంది. అరికాళ్లు చూసుకున్నాను. ఇసుక. నిన్నటిదా? రాత్రిదా?

పరిగెత్తుకుంటూ అక్కా వాళ్లింటికి పోయాను. తొడుగు వసారాలోనే ఉంది. మూడో వరస పడింది. గాట్లు అంచు దాకా వచ్చాయి, ఎవరో పాక్కుంటూ బయటికొస్తున్నట్టు. అక్క గడప మీద కూర్చుని ఆకుకూర తుంపుతోంది. నా మొహం చూడలేదు.

"మొదట ఎవరి చెయ్యి తగిలిందో రాణిగారు ఆ చేతినే వాడుకుంటుందంటారు తమ్ముడూ. వాడుకుని వాడుకుని, ఆఖరికి ఆ చెయ్యి పట్టుకునే మనిషిని నీళ్లలోకి లాక్కుపోతుందట. మనవాళ్లెవరూ ముట్టుకోలేదు, అదే నయం."

కుడి చేతిని చంకలో దాచుకున్నాను. "దారి లేదా అక్కా?"

"సముద్రంలో వదిలేసి రావడమే. ఊరికే తీసుకెళితే రాణిగారి పిలుపు ఒప్పుకున్నట్టు. బేరమాడితే రాణిగారితోనే బేరమాడినట్టు."

కొత్త గువ్వ కోసం దాచిన డబ్బు తెచ్చాను. నాలుగున్నర లక్షలు, చిల్లర కూడా మిగుల్చుకోకుండా రెత్నాని చేతిలో పెట్టాను. పుట్టాక నేను బేరమాడకుండా కొన్నది అదొక్కటేరా. అది మొదటి నోటు తీసి, పూర్తి ధరకి తొలి బేరం కదా, దాంతో మిగతా తొడుగుల మీద తడుతూ "అమ్ముడవ్వాలి, అమ్ముడవ్వాలి" అనుకుంది. నేను తొడుగుని చంకలో పెట్టుకుని సముద్రం వైపు అడుగేశాను.

"ఆగు మావయ్యా!" అని పిలిచింది. "నీళ్లలో వెయ్యకు, అంత డబ్బు పోసి కొన్నావు. తోలు మళ్లీ తడిపితే ఎన్ని గోళ్లయినా దిగుతాయి, ఎండలో పెడితే మధ్యాహ్నానికల్లా చెక్కే. ఒక వరస చూసి ఇంకో రెండు దింపడం నాకెంతసేపు?"

అక్క ఆకుకూర వదిలేసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అది సరేగానీ మావయ్యా," అంది రెత్నాని, నోట్లు బొడ్లో దోపుకుంటూ, "మీ రాణిగారు కూడా చెవి గోక్కోవడానికి చిటికెన వేలి గోరు ఇంత పొడుగు పెంచుతుందా?"