అయ్యగారి చెంపదెబ్బ

నాటక సమాజంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏం చెప్పినా "సరేనండి" అంటుంది కాబట్టి అందరికీ ఆమె 'సరేనండి' అయిపోయింది. టీ పెట్టమన్నా, తెరలు ఉతకమన్నా, బస్సులో సామాను పక్కన కింద కూర్చోమన్నా అదే మాట. వేషం కూడా దానికి తగ్గదే దొరికింది, పనిమనిషి. రెండో అంకంలో గాజుగ్లాసు పగలగొట్టాలి, ఇంటి యజమాని చేత చెంపదెబ్బ తినాలి, "తప్పయిపోయిందయ్యగారూ" అని కాళ్ల మీద పడాలి. అది తప్ప ఇంకో ముక్క రాయడానికి ఆ రచయితకి చేతులు రాలేదు, మహానుభావుడు!

యజమాని వేషం వేసేది సమాజం యజమానే. తెర ముందూ అయ్యగారే, తెర వెనకా అయ్యగారే. మీసం మీదున్న శ్రద్ధ ఆయనకి మాటల మీద ఉండేది కాదు. తెరచాటు నుంచి మాటలందించే ఓ పెద్దాయన ఒక్కోటీ మెల్లగా చెప్పడం, ఈయన దాన్ని అందుకుని హాలు దద్దరిల్లేలా అరవడం, ఏళ్ల తరబడి ఇదే వరస. చెంపదెబ్బ మాత్రం ఒకరు అందించక్కర్లేదు. గాల్లో చెయ్యి విసిరి ఊరుకోవాల్సింది పోయి, నిజంగానే పీకేవాడు.

ఆ దెబ్బలకి ఆమె ఎడమ చెవిలో హోరు మొదలైంది. ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే ఆ చెవి మీద ఆశ వదులుకోవడమేనని డాక్టరు చెప్పేశాడు.

ఆ సాయంత్రం మేకప్ గదిలో ధైర్యం కూడగట్టుకుని నోరు విప్పింది.

"అయ్యగారూ, ఇవాళ కొంచెం... చెయ్యి తగలకుండా..."

"నటనలో జీవం ఉండాలమ్మా! జనం టిక్కెట్టు కొన్నది ఉత్తుత్తి దెబ్బలు చూడ్డానికా?" అన్నాడాయన, అద్దంలో మీసం దువ్వుకుంటూ.

"చెవి పోతుందన్నారండి డాక్టరు గారు."

"రెండోది ఉందిగా!"

గదిలో వాళ్లంతా నవ్వారు. ఆ నవ్విన వాళ్లని వరసపెట్టి వాయించినా పాపం లేదు. ఆమె మాత్రం "సరేనండి" అంది.

రెండో అంకంలో గ్లాసు భళ్లుమంది. అయ్యగారు కళ్లెర్రజేసి చెయ్యెత్తాడు. అది మీదికి వస్తుంటే ఆమెకి తన చెవి తప్ప ఇంకేమీ గుర్తులేదు. తన చెయ్యి ఎప్పుడు లేచిందో తనకే తెలీదు. చూస్తే ఆయన మణికట్టు తన పిడికిట్లో ఉంది. బరువైన తెరలు ఉతికి పిండిన చెయ్యి అది. ఆయన గింజుకున్నాడు, ఆమె వదల్లేదు.

ఆమెకి నోట మాట రావడం లేదు. పాపం మర్చిపోయిందనుకుని తెరచాటు పెద్దాయన గాభరాగా అందించాడు, "తప్పయిపోయిందయ్యగారూ!"

తెల్లమొహం వేసుకుని నిలబడ్డ అయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది? చటుక్కున అందుకుని, హాలు దద్దరిల్లేలా అరిచాడు.

"తప్పయిపోయిందయ్యగారూ!"

ఇక చూడాలి ఈలలు, చప్పట్లు! జనం లేచి నిలబడ్డారు. ఆమె మెల్లగా చెయ్యి వదిలి, కిందున్న గాజుపెంకుల వైపు వేలు చూపించింది. ఏం చెయ్యాలో తోచక ఆయన వంగి ఏరాడు.

మర్నాడు టిక్కెట్ల కిటికీ దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న, "ఆ చెయ్యి పట్టుకునే సీను ఉంటుంది కదా?" కాదనే దారి లేకపోయింది అయ్యగారికి. మేకప్ గదిలోకి వచ్చి, మణికట్టు రుద్దుకుంటూ గొణిగాడు.

"ఇవాళ కొంచెం మెల్లగా పట్టుకోమ్మా. వాచింది."

"సరే" దాకా వచ్చి ఆగిపోయింది ఆమె. ఎడమ చెవి ఆయన వైపు తిప్పింది.

"వినపడలేదండీ. కొంచెం గట్టిగా చెప్పండి."

అందరూ చూస్తుండగా ఆయన గట్టిగా చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మొదటిసారి గొణిగినప్పుడే ఆమెకి శుభ్రంగా వినపడింది.