ఇంటి సరుకు

మూడో షాపు తెరిచిన రోజున పరుపులాయన మైకు పట్టుకుని మరీ అన్నాడు: "జనం ఎగబడి కొంటున్నారంటే సరుకు బాగున్నట్టే కదండీ! లాభం కంటే సాక్ష్యం ఏం కావాలి?" అబ్బో, చప్పట్లే చప్పట్లు! పరుపులు కుట్టే పెద్దాయన మాత్రం వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏ పరుపు కడుపులో ఏముందో ఆయనకి తెలుసు.

ప్రతి పరుపుకీ సూది గుచ్చే ముందు ఆయన అడిగే మాట ఒకటే. "ఇంటి సరుకా, షాపు సరుకా?" ఇంటి సరుకంటే శుభ్రంగా ఏకిన దూది, యజమానికీ ఆయన చుట్టాలకీ. షాపు సరుకంటే అంచుల్లో మంచి స్పాంజి, నడిమధ్యన గుడ్డపీలికలూ తుక్కూ. కొనేవాళ్ళు అంచే నొక్కి చూస్తారు మరి!

ఆ తర్వాతి ఆదివారం పొద్దున పరుపులాయన అక్క ఇంటికి వెళ్ళాడు. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క. నడుం మీద చెయ్యేసుకుని, వంకరగా నడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది. మంచం మీద తన షాపు పరుపే ఉంది, మధ్యలో ఇంత గుంటతో.

"ఇదెప్పుడు కొన్నావక్కా? నాకో మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే డబ్బులు తీసుకోవుగా. తమ్ముడి షాపులో దర్జాగా కొనుక్కోవాలని నా సరదా. పరుపుదేం తప్పు లేదురా, నేనే ఒళ్ళు చేశాను. ఈ వరసలో ఐదిళ్ళ వాళ్ళచేత కూడా కొనిపించాను తెలుసా? మా వాడి సరుకు, కళ్ళు మూసుకుని కొనండన్నాను."

సిగ్గుతో అతనికి ఒళ్ళంతా చచ్చిపోయినట్టయింది. నిజం చెప్పాడా? చెప్పలేదు. వాకిట్లోకి వెళ్ళి పెద్దాయనకి ఫోను చేశాడు. గుట్టుచప్పుడు కాకుండా పరుపు మార్చేస్తే సరిపోతుందనుకున్నాడు, మహానుభావుడు!

గంటలో పెద్దాయన పరుపు మోసుకుంటూ వచ్చాడు. గుమ్మంలోంచే అడిగేశాడు. "బాబూ, ఇంటి సరుకే తెచ్చాను. ఎక్కడ దింపమంటారు?"

పరుపులాయన కళ్ళతో సైగ చేశాడు గానీ అప్పటికే అక్క వినేసింది.

"ఇంటి సరుకంటే ఏంట్రా?"

"అంటే... మనవాళ్ళకి కొంచెం..."

అక్క కొత్త పరుపుని సరిగ్గా మధ్యలో నొక్కి చూసింది. తర్వాత మంచం మీద గుంటకేసి చూసింది. అతని మొహంలోకి మాత్రం చూడలేదు. అదే అతనికి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"మరి ఆ ఐదూ ఇళ్ళు కావట్రా?"

అతను కొత్త పరుపు మంచం మీద వెయ్యబోయాడు. అక్క ఆపింది.

"దీన్ని పక్కింటికి తీసుకెళ్ళు. ఆవిడ పచ్చి బాలింత. మిగతా నలుగురికీ ఇచ్చాకే నాకు. ఏం చేశావో నీ నోటితోనే చెప్పు." అని చాప తెచ్చుకుని, మూలుగుతూ నేల మీద నడుం వాల్చింది.

పరుపులాయన పరుపు తన భుజానికెత్తుకుని పక్కింటి తలుపు తట్టాడు. చంకలో పసిబిడ్డతో ఆవిడ తలుపు తీసి, అతన్ని చూసి మొహం చేటంత చేసుకుంది.

"అయ్యో, మీరే మోసుకొచ్చారా! మీ అక్కగారికి మీరంటే ఎంత గొప్పో అండీ!"

పరుపైతే దింపాడు, నోటితో చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. అతను తలెత్తలేకపోయాడు.